రాయి పగిలి వచ్చిన వెట్ గ్రైండర్‌ను సెల్లర్ వెనక్కి తీసుకోనంటున్నారు

ప్రశ్న (మల్కాజ్‌గిరి నుంచి)

అందరికీ నమస్కారం. ఒక పెద్ద ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో, అక్కడ అమ్ముకునే ఒక సెల్లర్ దగ్గర, మా అమ్మగారి కోసం టేబుల్‌టాప్ వెట్ గ్రైండర్ కొన్నాను. పెట్టె బయట ఎక్కడా నొక్కు లేదు, టేపు కూడా చెక్కుచెదరలేదు. లోపల మాత్రం ఒక మూల థర్మకోల్ పొడిపొడిగా రాలిపోయి ఉంది. పాత్ర అడుగున ఉన్న రాతిపలకలో అంచు నుంచి నడిమి దాకా సన్నని పగులు ఉంది. నీళ్లు పోసి, పారబోసి, గుడ్డతో తుడిస్తే పలకంతా ఆరిపోతోంది కానీ, ఆ గీత ఒక్కటీ నల్లగా తడిగానే ఉండిపోతోంది. పిండిలోకి రాతి పలుకులు వస్తాయన్న భయంతో అమ్మగారు అందులో ఒక్కసారి కూడా పప్పు వేయలేదు.

ఆ సాయంత్రమే యాప్‌లో రిటర్న్ పెట్టాను. పికప్ కోసం వచ్చిన అబ్బాయి పగులు చూసి, ‘వస్తువు పగిలి ఉంటే మా ఫోనులో క్వాలిటీ చెక్ దాటదండీ’ అని చెప్పి వెళ్లిపోయాడు. కాసేపటికి రిటర్న్ రద్దయినట్టు మెసేజ్ వచ్చింది. సెల్లర్‌ను అడిగితే అన్‌బాక్సింగ్ వీడియో లేదు కాబట్టి మీ ఇంట్లోనే పగిలి ఉంటుందంటున్నారు. కస్టమర్ కేర్‌ను అడిగితే సెల్లర్‌తోనే మాట్లాడుకోమంటున్నారు. రిటర్న్ గడువు త్వరలో ముగుస్తుంది. గడువు దాటితే ఇక ఏ హక్కూ ఉండదా? దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం (కూకట్‌పల్లి నుంచి)

ముందుగా మీరు రిటర్న్ పెట్టినప్పుడు ఏ కారణం ఎంచుకున్నారో ఒకసారి చూడండి. ‘వద్దనుకున్నాను’, ‘నచ్చలేదు’ వంటి కారణం నమోదై ఉంటే, వస్తువు చెక్కుచెదరకుండా ఉందా అన్న ప్రశ్నే పికప్‌కు వచ్చినవారి ఫోనులో కనబడుతుంది. లేదు అని నొక్కగానే రిటర్న్ రద్దవుతుంది. మా ఇంట్లో మిక్సీ జార్ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. ‘పగిలిన స్థితిలో వచ్చింది’ అన్న కారణంతో, ఫొటోలు జతచేసి మళ్లీ పెట్టాక, వచ్చిన మరో అబ్బాయి మారుమాట లేకుండా తీసుకెళ్లాడు.

గడువు ముగియకముందే ఆ పని చేయండి. కస్టమర్ కేర్‌తో ఫోనులో ఎంతసేపు మాట్లాడినా, అదే విషయాన్ని చాట్‌లోనో ఈమెయిల్‌లోనో మళ్లీ రాసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఇంకొక్క మాట: వస్తువు వాళ్ల చేతికి వెళ్లి, పికప్ రసీదు మీకు వచ్చేదాకా ఓటీపీ చెప్పకండి.

రెండవ సమాధానం (వినియోగదారుల కేసులు చూసే న్యాయవాది, హైదరాబాద్)

యాప్‌లో కనిపించే గడువు ఆ కంపెనీ తన సౌలభ్యం కోసం పెట్టుకున్నది. అది దాటినంత మాత్రాన పగిలిన వస్తువు అంటగట్టినవారి బాధ్యత తీరిపోదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలలో ఆరవది సెల్లర్ల గురించే చెబుతుంది: వస్తువులో లోపం ఉన్నా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా, దాన్ని వెనక్కి తీసుకోవడానికి గానీ డబ్బు తిరిగి ఇవ్వడానికి గానీ సెల్లర్ నిరాకరించకూడదు. అన్‌బాక్సింగ్ వీడియో ఉంటేనే అన్న షరతు ఆ నిబంధనలలో ఎక్కడా లేదు. వీడియో ఉంటే మీ సాక్ష్యం బలపడుతుంది, అంతే. అది లేనందువల్ల మీ హక్కు పోదు. రాలిపోయిన థర్మకోల్, అదే సాయంత్రం పెట్టిన రిటర్న్, పికప్ అబ్బాయి నిరాకరించిన నమోదు, ఇవన్నీ సాక్ష్యాలే.

మార్కెట్‌ప్లేస్ కూడా చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. ప్రతి సంస్థా ఒక ఫిర్యాదుల అధికారిని నియమించి, ఆ వివరాలు తన వేదికపై చూపాలి. ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలియజేసి, నెల రోజుల్లో పరిష్కరించాలి. చాలామంది కస్టమర్ కేర్ దగ్గరే ఆగిపోయి ఈ అధికారి దాకా వెళ్లరు. నా అనుభవంలో సగం తగాదాలు అక్కడికి ఒక మెయిల్ వెళ్లగానే తేలిపోతాయి. అదే మెయిల్‌లో సెల్లర్ పూర్తి చిరునామా కూడా రాతపూర్వకంగా అడగండి. కొనుగోలు తర్వాత అలా అడిగినవారికి ఆ వివరాలు ఇవ్వడం వారి విధి.

అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. సెల్లర్ ఏ రాష్ట్రంలో ఉన్నా, మీరు నివసించే చోటి కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు, రెండేళ్ల దాకా గడువు ఉంటుంది.

మూడవ సమాధానం (రాణిగంజ్ నుంచి, ఆన్‌లైన్‌లో వంటింటి సామాను అమ్మే వ్యాపారి)

న్యాయవాదిగారు చెప్పినదంతా నిజమే. అయితే సెల్లర్ వైపు సంగతి కూడా చెప్పాలి. దారిలో పగిలిన సరుకుకు మేము మార్కెట్‌ప్లేస్ నుంచి పరిహారం అడుగుతాం, దానికి ఫొటోలు కావాలి. కొనుగోలుదారులు పగులు ఒక్కటే దగ్గరగా ఫొటో తీసి పంపుతారు. దానివల్ల అది ఏ పెట్టెలో వచ్చిందో మేము చూపించలేం. పెట్టె మీది షిప్పింగ్ లేబుల్, విరిగిన థర్మకోల్ మూల, గ్రైండర్ సీరియల్ నంబరు, పగులు, ఇవన్నీ ఒకే వరుసలో తీసి పంపండి. రాతి సామానులో బయటి పెట్టెకు దెబ్బ కనబడకుండానే లోపల పగులు రావడం మాకు కొత్త కాదు. ఎత్తు నుంచి నిటారుగా జారిపడితే అట్టపెట్టె తిరిగి సర్దుకుంటుంది, రాయి సర్దుకోదు. ఈ విషయం ఆ సెల్లర్‌కూ తెలిసే ఉంటుంది. తెలిసి కూడా ఒక తల్లి వంటింటికి పగిలిన రాయి వదిలేయడం మా వ్యాపారానికే మచ్చ.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. కారణం ‘నచ్చలేదు’ అనే నమోదై ఉంది. మార్చి, ఫొటోలతో మళ్లీ పెట్టాను. ఫిర్యాదుల అధికారికి కూడా మెయిల్ పంపాను. ఒకే ఒక్క సందేహం: ఇది తేలేదాకా గ్రైండర్‌ను వాడవచ్చా?

న్యాయవాది

వాడవద్దు. వాడితే పగులు మీ వల్లే వచ్చిందన్న వాదనకు అవకాశం ఇచ్చినట్టవుతుంది. థర్మకోల్ ముక్కలతో సహా అదే పెట్టెలో సర్ది, లేబుల్ చింపకుండా ఉంచండి. కమిషన్ దాకా వెళితే, అవసరమనుకుంటే వస్తువును పరీక్షకు పంపిస్తారు. అప్పుడు అది వచ్చిన స్థితిలోనే ఉండాలి.