ఫారడే 1821లో చేసింది తప్పా, కాదా?

ల్యాబ్_మాస్టారు:
మొన్న పిల్లలకు ఇంగ్లండ్ శాస్త్రవేత్త మైకేల్ ఫారడే గురించి చెప్తుంటే ఒకమ్మాయి "మోటారు ఆలోచన ఆయన సొంతమేనా సార్" అని అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. సంగతి ఇదీ. కరెంటు పారే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ చూపించాడు. 1821 ఏప్రిల్‌లో వొలాస్టన్ అనే పేరున్న శాస్త్రవేత్త లండన్‌లోని పరిశోధన సంస్థ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌కి వచ్చి, అయస్కాంతం దగ్గరికి తెస్తే తీగ తన చుట్టూ తను తిరగాలని పెద్ద రసాయన శాస్త్రవేత్త డేవీతో కలిసి ప్రయత్నించాడు. తిరగలేదు. ప్రయోగం అయ్యాక అక్కడికొచ్చిన ఫారడే వాళ్ల మాటలు విన్నాడు. సెప్టెంబర్‌లో తనే తీగను అయస్కాంతం చుట్టూ తిప్పాడు, మోటారుకి మొదలు అదే, అక్టోబర్‌లో అచ్చు వేయించాడు. అందులో వొలాస్టన్ పేరు లేదు. ఇంకేముంది, దొంగిలించాడన్నారు. మీరేమంటారు?

పరిశోధక్_79:
దొంగ అనను. తప్పు మాత్రం చేశాడు. వేరేవాళ్ల మాట విని దాని మీద పని చేసినప్పుడు, ఫలానా వారి దగ్గర విన్నాను అని ఒక్క వాక్యం రాయాలి. అంతే.

వైండింగ్_షాపు:
మాస్టారూ, వొలాస్టన్ తిప్పాలనుకున్నది బొంగరంలాగా. ఫారడే తిప్పింది గానుగెద్దులాగా. బొంగరం తన చుట్టూ తను తిరుగుతుంది, ఎద్దు గానుగ చుట్టూ తిరుగుతుంది. ఈ రెండూ ఒకటే ఎట్లా అవుతాయి? నేను 22 ఏళ్లుగా మోటార్లు చుడుతున్నాను, ఈ తేడా నాకు తెలుసు.

సిరిమువ్వ:
అసలు ఫారడేకి లెక్కలే రావు కదా. తర్వాత మాక్స్‌వెల్ అనే శాస్త్రవేత్త వచ్చి సమీకరణాలు రాస్తే గానీ అదంతా ఒక కొలిక్కి రాలేదు.

పరిశోధక్_79:
లెక్కల సంగతి ఇక్కడ ఎందుకండీ. నేను ఒక్కటే అడుగుతున్నాను, అచ్చుకి ఇచ్చే ముందు వొలాస్టన్‌ని కలిశాడా లేదా?

ల్యాబ్_మాస్టారు:
ఇంటికి వెళ్లాడు. ఆయన ఊళ్లో లేడు.

పరిశోధక్_79:
ఊళ్లో లేకపోతే వచ్చేదాకా ఆగాలి. ఏం కొంప మునిగింది?

వైండింగ్_షాపు:
ఆగమని చెప్పడం సులువే. ఆ మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో చూడండి. కమ్మరి కొడుకు. 14 ఏళ్లకి పుస్తకాలు బైండింగ్ చేసే చోట పనికి కుదిరి, ఏడేళ్లు అక్కడే ఉండి, బైండింగ్‌కి వచ్చిన పుస్తకాలే చదువుకున్నాడు. 1812లో డేవీ ఉపన్యాసాలు విని నోట్సు రాసి, తనే బైండ్ చేసి ఆయనకు పంపితే, మరుసటి ఏడాది అసిస్టెంటు పని దొరికింది. ఆ వెంటనే డేవీ దంపతులతో యూరప్ తిరిగినప్పుడు ఫారడే చేత నౌకరు పనులు కూడా చేయించుకున్నారు, ఆ దొరసాని పనివాళ్లతో కూర్చోబెట్టి భోజనం పెట్టింది. అట్లాంటి మనిషి మొదటిసారి సొంతంగా ఒకటి సాధిస్తే, పెద్దాయన ఊరి నుంచి వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడాలా?

పరిశోధక్_79:
పేదవాడైతే పేరు ఎగ్గొట్టొచ్చా?

దారినపోయేవాణ్ణి:
200 ఏళ్ల నాటి గొడవకి ఇంత కోపమా!

వైండింగ్_షాపు:
కోపం రాకేం చేస్తుంది. నేను హెల్పర్‌గా ఉన్నప్పుడు ఒక పెద్ద మోటారు వచ్చింది. మూడుసార్లు చుట్టారు, మూడుసార్లూ కాలింది. మూత తీస్తే మాడిన వార్నిష్ వాసన ముక్కులో రెండు రోజులు ఉండేది. తప్పు వైండింగ్‌లో లేదు, తీగ కూర్చునే గాడి, అదే స్లాట్, అంచు దగ్గర ఇన్సులేషన్ కాగితం కోసుకుపోతోందని పట్టుకున్నది నేను. ఓనరు పార్టీకి "నేనే కనిపెట్టాను" అని చెప్పి డబ్బు తీసుకున్నాడు. నాకు ఒక టీ ఇప్పించాడు. చేసినవాడి చెయ్యి ఎవరికీ కనపడదు సార్, నోరున్నవాడిదే పేరు.

పరిశోధక్_79:
నాది దీనికి సరిగ్గా తిరగేసిన కథ. క్యాంటీన్‌లో నేను ఒక స్నేహితుడికి నా ఆలోచన అంతా విడమరిచి చెప్పాను. పరికరం నా దగ్గర లేదు, వాడి దగ్గర ఉంది. ఏడు నెలలకు పేపరు వచ్చింది. నా పేరు లేదు, కృతజ్ఞతల్లో కూడా లేదు. అడిగితే "నువ్వు చెప్పింది వేరు, నేను చేసింది వేరు" అన్నాడు. మీరు బొంగరం, గానుగెద్దు అనగానే నాకు వాడి గొంతే వినిపించింది.

సిరిమువ్వ:
అయ్యో. ముందే చెప్పాల్సింది కదా.

ల్యాబ్_మాస్టారు:
ఇద్దరూ ఇప్పుడు అసలు మాట చెప్పారు. వైండింగ్ గారూ, ఆ ప్రయోగం నేను పిల్లలతో చేయించాను. గాజు గిన్నె అడుగున మైనంతో అయస్కాంతాన్ని నిలబెట్టి, పైనుంచి సన్నటి రాగితీగ వదులుగా వేలాడదీశాం. ఫారడే పాదరసం వాడాడు, మేం ఉప్పునీళ్లు పోశాం. బ్యాటరీ తగిలించగానే తీగ కొస దగ్గర చిన్న చిన్న బుడగలు లేచాయి, తర్వాత మెల్లగా అయస్కాంతం చుట్టూ బయలుదేరింది. వైర్లు తారుమారు చేస్తే వెనక్కి తిరిగింది. తీగ బిగుసుగా ఉంటే కదలదు, మరీ వదులైతే గిన్నెకి తగులుతుంది. ఇది విన్న మాటతో వచ్చేది కాదు, చేత్తో చేస్తేనే పట్టుబడుతుంది. అక్కడ మీతో ఏకీభవిస్తాను.

పరిశోధక్_79:
అయితే నేను చెప్పింది తప్పంటారా?

ల్యాబ్_మాస్టారు:
కాదు. 1823లో ఫారడేని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి సభ్యుడిగా ప్రతిపాదించిన పత్రం మీద వొలాస్టన్ సంతకం ఉంది, అంటే ఆయన మనసులో పెట్టుకోలేదు. అడ్డుపడింది ఆ సొసైటీ అధ్యక్షుడు డేవీ. పేరు వెనక్కి తీసుకోమన్నాడు, ఫారడే తీసుకోలేదు. 1824 జనవరిలో ఒకే ఒక్క వ్యతిరేక ఓటుతో ఎన్నికయ్యాడు. అయినా పేరు రాయకపోవడం ఒప్పు అని నేను అనలేను.

వైండింగ్_షాపు:
మరి తన కింద పనిచేసినవాళ్లకి ఆయన పేరిచ్చాడా? అది చెప్పండి, నాకు అదే కావాలి.

ల్యాబ్_మాస్టారు:
ఇచ్చాడు. ఆండర్సన్ అని మాజీ సైనికుడు, గాజు కొలిమి పనికి వచ్చి దశాబ్దాల పాటు ఆయన దగ్గరే ఉండిపోయాడు. 1845లో బరువైన గాజులోంచి వెళ్లే కాంతి మీద అయస్కాంతం ప్రభావం చూపించిన పేపర్లో ఆండర్సన్ పేరు పెట్టి మరీ కృతజ్ఞత చెప్పాడు.

పరిశోధక్_79:
అదే వాక్యం 24 ఏళ్ల ముందు వొలాస్టన్‌కి రాసి ఉంటే నాకు పేచీయే లేదు.

వైండింగ్_షాపు:
అది ఒప్పుకుంటాను సార్. కానీ మొదటి తీగ తిరిగింది ఆయన చేతిలోనే, అది మాత్రం వదలను. మీ స్నేహితుడి పేపరు సంగతి వేరు, వాడు మీకు చెప్పాల్సిందే.

పరిశోధక్_79:
వేరా, ఒకటేనా అన్న దాని మీదే కదా పొద్దుటి నుంచీ కొట్టుకుంటున్నాం. రాత్రికి మళ్లీ రాస్తాను.