స్టెంటు ఉచితం, బీపీ మాత్రలకు కొరత: ఇదేం లెక్క?

పొదిలి పంతులు: మా ఉపకేంద్రంలో ఈ నెల బీపీ మాత్రలు పదిహేను రోజులకే ఇచ్చి, మిగతావి బయట కొనుక్కోమన్నారు. మా వీధిలో ఒకాయనకు మాత్రం ఆరోగ్యశ్రీ కింద పైసా ఖర్చు లేకుండా గుండె రక్తనాళం మూసుకుపోకుండా స్టెంటు వేశారు. 2007లో మొదలైన ఆ పథకానికి పేర్లు మారాయి కానీ ఎవరూ ఆపలేదు. ఆపితే ఓట్లు పోతాయి. మాత్రలు ఆగితే ఎవరికీ ఏమీ పోదు. స్టెంట్ల డబ్బులో కొంత మాత్రలకు మళ్లించాలంటాను.

ఉదయగిరి కొండ: మళ్లించండి, ఉన్నదీ ఊడగొట్టండి. మాకు నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. గుండెపోటుకు మొదటి గంటే ముఖ్యమంటారు. ఆ గంటలో ఆత్మకూరు చేరితే గొప్ప.

పులుసు ప్రియుడు: బీపీ పెరగకుండా ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మా ఇంట్లో ఆ లెక్క ఎండుచేపల కూరతోనే సరి.

పొదిలి పంతులు: కొండ గారూ, ఆ గుండెపోటుకు పునాది బీపీ రూపంలో ఏళ్ల ముందే పడుతుంది. నొప్పి ఉండదు కనుక ఎవరూ చూపించుకోరు. బీపీ అదుపుకని కేంద్రం 2017లోనే ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. ఇక్కడ చూస్తే, బీపీ చూసే యంత్రం చేతిపట్టీ అతుకు ఊడి, నర్సమ్మ దారంతో కట్టుకుంది. గాలి కొట్టగానే విప్పుకుపోతోంది. నా ముందున్న ముగ్గురికీ 130/80 అనే రాసింది!

ఉదయగిరి కొండ: పట్టీకి చందాలు వేసుకుందాం లెండి.

తీరం: పొగాకు పండించే జిల్లాలో గుండె గురించి చర్చా?

కనిగిరి రైతు: వచ్చారూ! మా బేళ్లు వేలం వేయించే పొగాకు బోర్డును 1976లో పెట్టింది కేంద్రం. 2003లో పొగాకు నియంత్రణ చట్టం తెచ్చిందీ కేంద్రమే. ఒక శాఖ లైసెన్సు ఇస్తుంది, ఇంకో శాఖ తిడుతుంది. పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర మంట చూస్తూ రాత్రుళ్లు మేలుకునే నాకూ రెండు స్టెంట్లు ఉన్నాయి. బదులుగా ఏం వేసుకోవాలో చెప్పి తిట్టండి.

పొదిలి పంతులు: విషయం పక్కదారి పడుతోంది. మాత్రలు మానేసి, మీదికొచ్చాక అంబులెన్సు రాలేదనే వాళ్లకు ఏం చెప్పగలం, కొండ గారూ?

ఉదయగిరి కొండ: మా నాన్న ఒక్క పూట కూడా మాత్ర మానలేదు. 108 వచ్చింది, దానితో పేచీ లేదు. దారిలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే ఈసీజీ తీసే మనిషి సెలవు. గ్యాస్ అని రెండు గంటలు పడుకోబెట్టారు. నెల్లూరు పొలిమేరలో పోయారు. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఆ ఆసుపత్రి ఫ్రిజ్‌లోనే ఉందట. ఎవరు బాధ్యులని అడిగితే పై ఆఫీసుకు పొమ్మన్నారు, అక్కడికి వెళ్తే మళ్లీ కిందికి పంపారు. మందు కొన్నారు పంతులు గారూ. డబ్బు లేక కాదు.

పొదిలి పంతులు: నాకు తెలియదు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. డబ్బు ఎక్కడ పెట్టాలని నేను, ఎవరు జవాబుదారీ అని మీరు. ఇంతసేపూ వేరు వేరు ప్రశ్నలకు కొట్టుకున్నాం. అయినా మాత్రలకు నిధులు చాలవన్న మాట వెనక్కి తీసుకోను.

ఉదయగిరి కొండ: తీసుకోవద్దు. కొత్త పట్టీ కావాలని ఇండెంటు ఎప్పుడు పెట్టారో, ఎవరి బల్ల మీద ఆగిందో అడగండి.

పొదిలి పంతులు: సోమవారం వెళ్తాను.