ఐదేళ్ల 'నుంచి': పోలిష్ వాళ్ల ఇంగ్లీషు, మన ఇంగ్లీషు

వార్సాలో మా ఆఫీసులో నా పక్క సీటు పోలిష్ అమ్మాయి. అద్దె ఫ్లాట్ కోసం ఓ ఇంగ్లీషు ఓనరుకి మెయిల్ పెట్టి, పంపేశాక నాకు చూపించింది. మూడు తప్పులుంటే నేను రెండే పట్టుకున్నాను. మూడోది నా కంటికి తప్పులాగే కనపడలేదు.

మొదటిది: "ఐ వాంట్ దట్ యు షో మీ ద ఫ్లాట్." ఇంగ్లీషులో 'ఐ వాంట్ యు టు షో' అనాలి. పోలిష్‌లో ఆ కట్టు లేదు. 'నువ్వు రావాలని నా కోరిక' అనడానికి "హ్‌త్సె, జెబిష్ ప్షిషెద్" అంటారు. 'జెబి' దాదాపు మన 'అని' చేసే పనే చేస్తుంది. దాని చివర అతుక్కున్న 'ష్' అంటే 'నువ్వు'. ఆ తర్వాతి క్రియ చూడ్డానికి భూతకాలంలా ఉంటుంది! ఇలా ఆలోచించే మనిషి నోట 'దట్' రాక ఇంకేమొస్తుంది?

రెండోది: "ఐ స్టాప్డ్ టు స్మోక్." సిగరెట్లు మానేశానని చెప్పడం ఆమె ఉద్దేశం. దానికి 'ఐ స్టాప్డ్ స్మోకింగ్' అనాలి; ఆమె రాసినదానికి సిగరెట్ తాగడానికి ఆగానని అర్థం. పోలిష్‌లో "ప్షెస్తావమ్ పాలిచ్". 'పాలిచ్' అనే మూలరూపాన్ని చాలాచోట్ల 'టు స్మోక్' అనే తర్జుమా చేస్తారు, ఇక్కడా అదే చేసింది. మనకి 'తాగడం మానేశాను', 'తాగడానికి ఆగాను' వేర్వేరు కాబట్టి ఇది చెప్పగానే అర్థమైపోతుంది.

మూడోది: "ఐ లివ్ ఇన్ వార్సా సిన్స్ ఫైవ్ ఇయర్స్." బాగానే ఉందనుకున్నాను. ఇంకో సహోద్యోగి నవ్వితే గానీ తెలియలేదు. 'ఐ హావ్ లివ్డ్... ఫర్ ఫైవ్ ఇయర్స్' అనాలట. పోలిష్‌లో "మ్యెష్కమ్ తు ఒద్ ప్యెంచు లత్". ఈ 'ఒద్' అచ్చం మన 'నుంచి'. సోమవారం నుంచి, ఐదేళ్ల నుంచి, రెండిటికీ ఒకటే మాట. క్రియ కూడా మనలాగే వర్తమానంలో. ఇంగ్లీషు వాడు మొదలైన రోజుకి 'సిన్స్', గడిచిన కాలానికి 'ఫర్' అని విడగొట్టుకుని, పైన 'హావ్' తగిలించాడు. ఆ 'హావ్' రూపం పోలిష్‌లోనూ లేదు, మనకీ లేదు.

*జవాబు:* మనవాళ్లు 'ఐ లివ్' అనరు కదండీ. 'ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్' అంటారు.

*నేను:* నిజమేనండీ, అది గమనించలేదు. మనది 'ఉంటున్నాను' కదా, అందుకే 'ఇంగ్' దూరుతుంది. పోలిష్‌లో 'చితమ్' అంటే చదువుతాను, చదువుతున్నాను రెండూ. అందుకని వాళ్ల తప్పులో 'ఇంగ్' ఉండదు. 'ఎక్స్‌ప్లెయిన్ టు మీ' అనాల్సిన చోట 'ఎక్స్‌ప్లెయిన్ మీ' అనే తప్పు మాత్రం ఇద్దరిదీ. వాళ్లకి 'మి', మనకి 'నాకు'.

*ఇంకో జవాబు:* అవన్నీ సరే, ఫ్లాట్ ఇచ్చాడా?

*నేను:* ఇచ్చాడండీ. సిగరెట్ మాత్రం బాల్కనీలో కాల్చుకోమన్నాడట.