‘దీక్సిత్ సే వెంతూరుమ్ ఎస్సె’: తాను వస్తానని చెప్పాడు

ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను లాటిన్ రెండో ఏడు చదువుతున్నాను. ఫైనల్ పరీక్ష ఇంకో 12 రోజుల్లో ఉంది. విభక్తులు, క్రియారూపాలు కంఠతా వచ్చాయి, వాటితో పెద్దగా ఇబ్బంది లేదు. వాక్యం దగ్గరికి వచ్చేసరికే టెన్షన్ మొదలవుతోంది. మచ్చుకి ఇది చూడండి: ‘దీక్సిత్ సే వెంతూరుమ్ ఎస్సె.’ పుస్తకంలో దీనికి ‘హీ సెడ్ దట్ హీ వుడ్ కమ్’ అని అర్థం ఇచ్చారు. ఆ కిందే ‘దీక్సిత్ సే వెనీరె’కి ‘వజ్ కమింగ్’ అని ఉంది. వెనీరె వర్తమానం కదా, మరి ‘వజ్’ ఎక్కడి నుంచి వచ్చింది? రూల్ చదివినప్పుడు అర్థమైనట్టే ఉంటుంది, తెల్లారేసరికి జారిపోతుంది. ఎవరైనా తెలుగులో చెప్పగలరా అండీ?

జవాబు:

తప్పకుండా చెప్తానండీ. నాకు చాలా ఇష్టమైన వాక్యం తెచ్చారు.

ముందు ఇంగ్లీషును కాసేపు పక్కన పెట్టండి. ఆ మనిషి నోటితో అన్న మాట ఏమిటి? ‘నేను వస్తాను.’ దాన్ని మనం ఇంకొకరికి చెప్పేటప్పుడు ఎలా చెప్తాం? ‘తాను వస్తానని చెప్పాడు.’ వస్తాను అన్నది వస్తాను లాగే ఉండిపోయింది, వెనక ‘అని’ చేరిందంతే. చెప్పడం నిన్న జరిగినా, పదేళ్ళ కిందట జరిగినా లోపలి కాలం కదలదు. లాటిన్‌లోనూ అంతే. వరసగా మూడూ పైకి చదివి చూడండి:

దీక్సిత్ సే వెనీరె: తాను వస్తున్నానని చెప్పాడు.
దీక్సిత్ సే వేనిస్సె: తాను వచ్చానని చెప్పాడు.
దీక్సిత్ సే వెంతూరుమ్ ఎస్సె: తాను వస్తానని చెప్పాడు.

చెప్పినప్పుడే జరుగుతుంటే వెనీరె, అప్పటికే జరిగిపోయి ఉంటే వేనిస్సె, ఇంకా జరగాల్సి ఉంటే వెంతూరుమ్ ఎస్సె. ఇంగ్లీషు మాత్రం బయట ‘సెడ్’ రాగానే లోపలి క్రియనీ వెనక్కి లాగుతుంది. మిమ్మల్ని తికమక పెట్టిన ‘వజ్’, ‘వుడ్’ లాటిన్‌వి కావు, అనువాదం తెచ్చిపెట్టినవి.

ఇది నేను మార్కులు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి. చదువుకునే రోజుల్లో లాటిన్‌ని ఇంగ్లీషులోకి, అక్కడి నుంచి మనసులో తెలుగులోకి మార్చుకునేదాన్ని. ఒక పరీక్షలో ‘వజ్ కమింగ్’ని లాటిన్‌లో పెట్టమంటే, ‘వజ్’ ఉంది కాబట్టి భూతకాలమే అనుకుని వేనిస్సె రాశాను. పేపరు చేతికొచ్చాక ఆ మాట కింద ఎర్ర గీత చూసి, ‘వస్తున్నానని’ అని ఒక్కసారి తెలుగులో అనుకుని ఉంటే సరిపోయేదే అని చాలా బాధ పడ్డాను.

వెనీరె, వేనిస్సెల్లో మొదటి అచ్చు గమనించారా? మొదటిదానిలో హ్రస్వం, రెండోదానిలో దీర్ఘం. వెనిత్ అంటే వస్తున్నాడు, వేనిత్ అంటే వచ్చాడు. పాఠ్యపుస్తకాల్లో దీర్ఘానికి అక్షరం మీద అడ్డగీత పెడతారు, చాలా ముద్రణల్లో అదీ ఉండదు. మనకి ఎ, ఏ వేరు వేరు అక్షరాలు. నోట్సులో లాటిన్ మాటల్ని తెలుగు లిపిలో రాసుకుంటే ఆ తేడా ఎక్కడికీ పోదు. నేను ఇప్పటికీ అలాగే రాసుకుంటాను.

ఇంకొకటి, పరీక్షలో తరచూ వచ్చేది. మాటివ్వడం, ఆశించడం, ప్రమాణం చేయడం లాంటి క్రియలు. ఇంగ్లీషులో ‘ప్రామిస్డ్ టు కమ్’ అంటారు కాబట్టి చాలామంది ‘ప్రోమీసిత్ వెనీరె’ అని రాసేస్తారు. మనమేమంటాం? ‘వస్తానని మాటిచ్చాడు.’ లాటిన్‌లోనూ అదే: ప్రోమీసిత్ సే వెంతూరుమ్ ఎస్సె. సే ఉండాలి, భవిష్యత్తూ ఉండాలి.

వ్యతిరేకార్థంలో మాత్రం కొంచెం జాగ్రత్త. ‘రానని చెప్పాడు’ అనడానికి లాటిన్ సాధారణంగా ‘దీక్సిత్... నోన్’ అనదు, ‘నెగావిత్ సే వెంతూరుమ్ ఎస్సె’ అంటుంది. లేదు, కాదు అన్న అర్థం బయటి క్రియలోకి వచ్చేసింది. నెగావిత్ కనిపిస్తే ముందు వెనకా చూడకుండా ‘నిరాకరించాడు’ అని రాయకండి.

ప్రశ్న అడిగినవారు:

ఆ మూడు వాక్యాలూ నిజంగానే పైకి చదివానండీ. ఇన్నాళ్ళూ పట్టిక చూసి బట్టీ పట్టాను, ఇప్పుడు చెవికే తెలుస్తోంది. మరి ‘సే’ అంటే ఎప్పుడూ ‘తాను’ అనుకోవచ్చా? ‘ఎఉమ్’ ఎప్పుడు వాడాలి?

జవాబు:

దాదాపు ఎప్పుడూ అనుకోవచ్చు. ‘దీక్సిత్ సే అయెగ్రుమ్ ఎస్సె’ అంటే తనకి ఒంట్లో బాగాలేదని చెప్పాడు. ‘దీక్సిత్ ఎఉమ్ అయెగ్రుమ్ ఎస్సె’ అంటే బాగాలేనిది ఇంకెవరికో. ఇంగ్లీషు ‘హీ’ ఒక్కటే కాబట్టి ఆ భాషలో ఈ తేడా వినపడదు. సుఉస్, ఎయ్యుస్ సంగతీ అంతే. ‘లిబ్రుమ్ సుఉమ్ లెగిత్’ తన పుస్తకం చదువుతున్నాడు, ‘లిబ్రుమ్ ఎయ్యుస్ లెగిత్’ వేరొకరి పుస్తకం చదువుతున్నాడు.

‘తన’ వాక్యం దాటి బయటి కర్తను పట్టుకోగలదు కదా, సే కూడా పట్టుకుంటుంది. ‘ఓరత్ ఉత్ సిబి పర్కమ్’ చూడండి: తనని విడిచిపెట్టమని నన్ను వేడుకుంటున్నాడు. విడిచిపెట్టేది నేను, కానీ ‘సిబి’ నన్ను చూపించదు, వేడుకునేవాణ్ణి చూపిస్తుంది. పాఠ్యపుస్తకాలు దీనికి ఒక పేజీ కేటాయిస్తాయి. తెలుగువాళ్ళకి అది చిన్నప్పటి నుంచీ అలవాటే.

తెలుగు సాయం చేయని చోట్లు కూడా చెప్పాలి. ఒకటి, తాను బహువచనంలో తాము అవుతుంది, సే మారదు. రెండు, సుఉస్ లింగవచనాలు సొంతదారుని బట్టి కాకుండా సొంతమైన వస్తువుని బట్టి మారతాయి. అమ్మాయి తన పుస్తకం చదివినా ‘పుఎల్ల లిబ్రుమ్ సుఉమ్’ అనే రాయాలి, ఎందుకంటే లిబెర్ పుంలింగం. అమ్మాయి కదా అని సుఅమ్ రాస్తే తప్పు.

ఇంకొకరి మాట:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇప్పుడు మాట్లాడే తెలుగులో ‘తను నా ఫ్రెండ్’, ‘తను నిన్న ఊరెళ్ళింది’ అని ఆమె, అతను అనాల్సిన చోట కూడా తను వాడుతున్నారు కదండీ. ‘రవి వాడి పుస్తకం తెచ్చుకున్నాడు’ అన్నప్పుడు ఆ పుస్తకం రవిదే కావచ్చు. అలాంటి వాడుకని నమ్ముకుని సే పెడితే దెబ్బతింటారేమో?

జవాబు:

మంచి మాట చెప్పారు. అందుకే వార్తల్లో, పుస్తకాల్లో రాసే ‘తన’నే కొలతగా పెట్టుకోమంటాను. అక్కడ తేడా ఇంకా గట్టిగానే ఉంది.

తెలుగు దారి తప్పించే అసలైన చోటు ఇంకొకటి ఉంది. పరోక్షంగా అడిగే ప్రశ్న. ‘ఏం చేస్తున్నావని అడిగాను.’ మన వాక్యంలో ‘చేస్తున్నావు’ కదల్లేదు. ఇందాకటి అలవాటుతో లాటిన్‌లోనూ కదలదనుకుంటాం, కానీ కదులుతుంది. ‘రొగో క్విద్ ఫకియాస్’ అంటే ఏం చేస్తున్నావని అడుగుతున్నాను. అడగడం గతంలోకి వెళ్తే ‘రొగావీ క్విద్ ఫకెరేస్’ అయిపోతుంది. అప్పటికే చేసేసిన పని గురించైతే మొదటిదానికి ఫేకెరిస్, రెండోదానికి ఫేకిస్సేస్. ఎందుకంటే ఇక్కడ లోపల ఉన్నది వెనీరె, వేనిస్సెల్లాంటి ఇన్ఫినిటివ్ కాదు, సబ్జంక్టివ్, అంటే కోరిక, సందేహం లాంటివి చెప్పే క్రియారూపం. సబ్జంక్టివ్ బయటి క్రియ కాలాన్ని చూసి తన రూపం ఎంచుకుంటుంది. ఈ ఒక్క చోట ఇంగ్లీషు ‘వాట్ యు వర్ డూయింగ్’ మీకు దగ్గర. అందుకని ‘అని’ కనిపించగానే ఆగి, లోపల ఉన్నది మాటా, ప్రశ్నా అని చూసుకోండి. మాటైతే ఇన్ఫినిటివ్, తెలుగు కాలమే. ప్రశ్నైతే సబ్జంక్టివ్, బయటి క్రియను బట్టి.

ప్రశ్న అడిగినవారు:

ఇదే, సరిగ్గా ఇక్కడే పోయిన పరీక్షలో పోయిందండీ. ఇంకో రెండు అడగనా? అబ్లేటివ్ అబ్సల్యూట్ ఎప్పుడు పెట్టాలో తెలియడం లేదు. భయం చెప్పే వాక్యాల్లో ‘నే’ ఉంటే వస్తాడని, ‘ఉత్’ ఉంటే రాడని అంటున్నారు. తలకిందులుగా ఉంది.

జవాబు:

అడగండి, ఇందుకేగా ఇక్కడున్నది.

‘ఉర్బె కప్తా కైసర్ దిస్కెస్సిత్.’ నగరం పట్టుబడగా సీజరు వెళ్ళిపోయాడు. ఆ ‘గా’యే అబ్లేటివ్ అబ్సల్యూట్. సంస్కృతం చదివినవాళ్ళు ‘రామే వనం గతే’ గుర్తు తెచ్చుకోండి, రాముడు వనానికి వెళ్ళగా. అక్కడ సతి సప్తమి, ఇక్కడ అబ్లేటివ్, అంటే మన పంచమి లాంటి విభక్తి. పాత సప్తమి పనులు చాలావరకు లాటిన్‌లో అబ్లేటివ్‌కే వచ్చి చేరాయి.

మామూలుగా మనం ‘నగరాన్ని పట్టుకుని వెళ్ళిపోయాడు’ అంటాం. ఆ ‘పట్టుకుని’ అన్న మాటకి లాటిన్‌లో రూపం లేదు. కప్తుస్ అంటే పట్టుబడినవాడనే తప్ప పట్టుకున్నవాడని కాదు. అందుకే నగరాన్నీ, పట్టుబడటాన్నీ కలిపి అబ్లేటివ్‌లో పక్కన పెడతారు. డిపోనెంట్ క్రియలకి, అంటే రూపం కర్మణిలో ఉన్నా అర్థం కర్తరిలో ఉండేవాటికి మాత్రం మన ‘చేసి’ లాంటి రూపం దొరుకుతుంది: ‘కైసర్ మీలితేస్ హొర్తాతుస్’, సీజరు సైనికులకు ధైర్యం చెప్పి. అక్కడ అబ్సల్యూట్ అక్కర్లేదు.

పెట్టకూడని చోటు ఒకటుంది. ఆ నగరం మళ్ళీ ప్రధాన వాక్యంలో పని చేస్తుంటే విడిగా నిలబెట్టకండి. ‘పట్టుకున్న నగరాన్ని తగలబెట్టాడు’: ఉర్బెమ్ కప్తమ్ ఇంకెందిత్. తెలుగులో ‘పట్టుబడగా’ అని వస్తే అబ్లేటివ్, ‘పట్టుకున్న నగరాన్ని’ అని వస్తే ద్వితీయ.

ఇక భయం. ‘తిమెఓ నే వెనియత్.’ దీన్ని ఒక్క వాక్యంగా చూస్తే తలకిందులుగానే కనిపిస్తుంది. రెండు ముక్కలు చేయండి. తిమెఓ: భయంగా ఉంది. నే వెనియత్: రాకూడదు! కలిపితే వాడు వస్తాడేమోనని భయం. ‘తిమెఓ ఉత్ వెనియత్’ కూడా అలాగే: భయంగా ఉంది, రావాలి! అంటే రాడేమోనని భయం. మొదట్లో ఇవి నిజంగా పక్కపక్కన చెప్పుకున్న రెండు వాక్యాలేనని వ్యాకరణవేత్తలు చెప్తారు. ఆ రెండో ముక్కలో ఉన్నది మనసులోని కోరిక, ‘నే’ కోరికకి చెందిన మాట. ఇలా చూశాక నాకు అది మళ్ళీ తలకిందులుగా కనిపించలేదు.

జెరండివ్, అంటే ‘చేయవలసిన’ అన్న అర్థమిచ్చే రూపం, మీరు అడగలేదు గానీ వదిలేయకండి, వస్తుంది. ‘లిబెర్ మిహి లెగెందుస్ ఎస్త్’: నాకు పుస్తకం చదవాల్సి ఉంది. ‘మిహి’ చతుర్థి, మన ‘నాకు’ కూడా చతుర్థే. ఇక రోమన్ రాజనీతిజ్ఞుడు కేటో పేరు మీద చెప్పుకునే ‘కేతెరుమ్ కేన్సెఓ కర్థాగినెమ్ ఎస్సె దేలెందమ్’. ఈ మాటల కూర్పు తర్వాతి కాలంలో స్థిరపడింది, కానీ రోముకి శత్రు నగరమైన కార్తేజిని నాశనం చేయాలని ఆయన సెనేట్‌లో పట్టుబట్టిన మాట నిజం. క్రీ.పూ. 149లో ఆయన చనిపోయాడు, 146లో కార్తేజి పడిపోయింది. వాక్యం చూడండి: ‘పోతే, కార్తేజిని నాశనం చేయవలసిందేనని నా అభిప్రాయం.’ చేయవలసిందే అన్నది దేలెందమ్, ‘అని’ అన్నది కర్థాగినెమ్ ద్వితీయలోనూ ఎస్సెలోనూ ఉంది. ఇప్పటిదాకా మాట్లాడుకున్నవి రెండు ఒక్క వాక్యంలో దొరికాయి.

ఇప్పుడు మీరొకటి రాసి పెట్టండి: ‘తన తమ్ముడు వస్తాడని ఆ అమ్మాయి చెప్పింది.’

ప్రశ్న అడిగినవారు:

పుఎల్ల దీక్సిత్ ఫ్రాత్రెమ్ సుఉమ్ వెంతూరమ్ ఎస్సె. సరేనా అండీ?

జవాబు:

సుఉమ్ చక్కగా పెట్టారు, భవిష్యత్తు కూడా సరైనదే. ఒక్క అక్షరం: వెంతూరమ్ కాదు, వెంతూరుమ్. చెప్పింది అమ్మాయే, కానీ వచ్చేది తమ్ముడు.