ఆన్‌లైన్ కోర్సు గ్రూప్‌లో చర్చ జరగాలంటే లీడర్ ఏం చెయ్యాలి?

ప్రశ్న:
క్లాస్‌వాళ్ళం కలిసి ఎన్‌పీటీఈఎల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల సైట్) 12 వారాల పైథాన్ ప్రోగ్రామింగ్ కోర్సు చేస్తున్నాం, సార్ నన్ను గ్రూప్ లీడర్‌గా పెట్టారు. గ్రూప్‌లో వచ్చేవన్నీ "3వ క్వశ్చన్‌కి ఆన్సర్ బీనా సీనా" ఇవే, ఎవరో చెప్తారు, కింద వరసగా థాంక్యూలు, అంతే. పోనీ అని నేను డౌట్‌కి ఫుల్‌గా ఎక్స్‌ప్లెయిన్ చేస్తే ఇంకెవరూ నోరు విప్పట్లేదు. ఏం చెయ్యాలన్నా?

జవాబు 1:
నువ్వు ఫుల్‌గా రాయడం ఆపు తమ్ముడూ, లీడరే చెప్పేశాక వాళ్ళకి మాట్లాడ్డానికి ఏం మిగుల్తుంది. ఏ అని ఒక లిస్ట్ ఉంది, బీ ఈజీక్వల్‌టు ఏ అని రాసి బీకి అపెండ్ చేస్తే, అంటే చివర ఒకటి కలిపితే, ఏ కూడా ఎందుకు మారింది అని ఎవరైనా అడిగారనుకో, "అపెండ్ బదులు బీకి కొత్త లిస్ట్ ఇచ్చి రన్ చెయ్యి, ఇప్పుడు ఏ మారిందా" అని అడుగు. ఒకడు రన్ చేస్తాడు, ఇంకొకడు కాదంటాడు, అక్కడ మొదలవుతుంది అసలు చర్చ. న్యూయార్క్ సిటీ కాలేజీలో 1990ల్లో కెమిస్ట్రీకి మొదలుపెట్టిన పీర్ లెడ్ టీమ్ లెర్నింగ్ పద్ధతి కూడా ఇదే, ముందే ఆ కోర్సు పాసైన స్టూడెంట్ ఒకడు ఆరు నుంచి ఎనిమిది మందితో కూర్చుంటాడు, ఆన్సర్ కీ మాత్రం ఇవ్వరు. మీ గ్రూప్ పెద్దదైతే ముందు దాన్ని విడగొట్టు.

జవాబు 2:
పైన అన్న చెప్పింది కరెక్టే కానీ తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళ సంగతి కూడా చూడండి, వాళ్ళకి డౌట్ ఉంటుంది, ఇంగ్లీష్‌లో తప్పు రాస్తే నవ్వుతారేమోనని అడగరు. లీడరే ముందు తెలుగులో రాస్తే, వాయిస్ మెసేజ్ పెట్టినా పర్లేదంటే వాళ్ళూ వస్తారు. దయచేసి ఇది మాత్రం వదిలెయ్యొద్దు.

జవాబు 3:
అసైన్‌మెంట్లకి 25 మార్కులే, అదీ 12లో బెస్ట్ 8 తీసుకుంటారు, మిగతా 75 ఎగ్జామ్‌కే. ఈ బీనా సీనా అక్కడ ఎందుకూ పనికిరాదని గట్టిగా చెప్పు. డెడ్‌లైన్ అయ్యేదాకా ఆన్సర్లు బంద్, అయ్యాక ఎందుకు సీ, ఎందుకు బీ కాదు అని మాట్లాడుకోండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అందరికీ. మరి అందరూ కలిసి తప్పు ఆన్సర్‌కే ఒప్పేసుకుంటే?

జవాబు 1:
తప్పని చెప్పకు, ఆ లాజిక్ ఫెయిలయ్యే ఇన్‌పుట్ ఒకటి ఇచ్చి రన్ చెయ్యమను. అప్పటికీ తేలకపోతే మర్నాటికి నువ్వే చెప్పెయ్, తప్పుతో వాళ్ళని ఎగ్జామ్‌కి పంపకూడదు.