వారానికోసారి గోల్ఫ్ ఆడేవాళ్లకి పూర్తి సెట్ కావాలా?

ప్రశ్న:
ఆఫీసు ఫ్రెండ్స్‌తో గచ్చిబౌలి వైపు గోల్ఫ్ నేర్చుకోవడం మొదలుపెట్టాను, ఆట బాగా పట్టేసింది. షాపులో అడిగితే ఫుల్ సెట్, స్పైక్ షూస్, గ్లవ్, రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం), ఖరీదైన బంతులు అన్నీ ఉంటేనే కుదురుతుందన్నారు. అన్నీ కలిపితే లక్ష దాటేస్తోంది, అదే టెన్షన్. వారానికోసారి ఆడేవాడికి ఇవన్నీ నిజంగా అవసరమా?

జవాబు 1:
అక్కర్లేదు బ్రదర్. రూల్ ప్రకారం క్లబ్బులు, అంటే బంతిని కొట్టే కర్రలు, 14 మించకూడదు, అంతేగానీ 14 ఉండి తీరాలని ఎక్కడా లేదు. 1916లో చిక్ ఎవాన్స్ అనే అమెచ్యూర్ ఏడే ఏడు క్లబ్బులతో యూఎస్ ఓపెన్ గెలిచాడు, అవీ హికరీ అనే చెక్క షాఫ్టులవి (షాఫ్ట్ అంటే క్లబ్ కాడ). మీకు ఇప్పుడు ఒక హైబ్రిడ్, 7 ఐరన్, 9 ఐరన్, సాండ్ వెడ్జ్, పుటర్, ఈ ఐదు క్లబ్బులు చాలు. బాగా దూరం కొట్టడానికి వాడే డ్రైవర్ అనే క్లబ్ ఆఖర్న కొనండి, దాని షాఫ్ట్ పొడుగు, లాఫ్ట్ (హెడ్ ముఖం వాలు) తక్కువ, కొత్తవాళ్లు కొడితే బంతి పక్కకి పోయేది ఎక్కువగా దానితోనే. సెకండ్‌హ్యాండ్‌లో హాఫ్ సెట్ వెతకండి. గ్రిప్పులు అరిగినా పర్లేదు, మార్పించుకోవచ్చు. షాఫ్ట్ వంగినా, హెడ్ కదులుతున్నా మాత్రం వదిలేయండి.

జవాబు 2:
క్లబ్బుల విషయంలో పైన చెప్పింది కరెక్టే, కానీ షూస్ దగ్గర పీనాసితనం వద్దు. నేను ఆడేది వైజాగ్‌లో, ఎత్తుపల్లాల నేల, వాన పడ్డాక మామూలు రన్నింగ్ షూస్‌తో స్వింగ్ చేస్తే కాలు జారుతుంది, నడుం పట్టేస్తుంది. సాఫ్ట్ స్పైక్స్ చాలు, ఇనుప స్పైక్స్ చాలా కోర్సుల్లో రానివ్వరు. గ్లవ్ కూడా కావాలి, మన ఉక్కపోతకి చేతిలో గ్రిప్ నిలవదు, తోలుది చెమటకి బిగుసుకుపోతుంది కాబట్టి సింథటిక్‌ది తీసుకోండి.

బంతికి మాత్రం డబ్బు పోయొద్దు. ఏ బంతైనా బరువు 45.93 గ్రాములు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, తేడా అంతా లోపలి పొరల్లో, పై కవర్‌లో. ఖరీదైన యూరథేన్ (ఒక రకం ప్లాస్టిక్) కవర్ గ్రీన్ దగ్గర, అంటే గుంత ఉండే నున్నటి గడ్డి దగ్గర, స్పిన్ ఇస్తుంది, ఆ స్పిన్‌ని వాడుకునే స్థాయికి మనం వచ్చేలోపు అవన్నీ చెరువులో పడిపోతాయి. చెరువుల్లోంచి తీసి అమ్మే పాత బంతులు చాలు.

జవాబు 3:
అసలు విషయం ఎవరూ చెప్పలేదండీ, సైజు! మావారి క్లబ్బులతో నేర్చుకుంటే బంతి లేచేదే కాదు, నా స్వింగే బాలేదనుకున్నారు అందరూ. పొట్టిగా, తేలిగ్గా ఉండి షాఫ్ట్ కాస్త మెత్తగా వంగే లేడీస్ క్లబ్ పట్టాక సరిపోయింది. ఆడవాళ్లకీ, ఎడమచేతివాటం వాళ్లకీ, బాగా పొడుగ్గా ఉన్నవాళ్లకీ సరిపడే క్లబ్ నిజంగా అవసరం, ఏ బ్రాండైనా పర్లేదు. కొనేముందు మీ కోచ్ చేత ఒకసారి చూపించుకోండి.

రేంజ్‌ఫైండర్ వద్దేవద్దు, మన దగ్గర క్యాడీలకి (మన బ్యాగ్ మోస్తూ వెంట వచ్చేవాళ్లకి) కోర్సులో ప్రతి గజం తెలుసు. కాలర్ ఉన్న టీషర్ట్ మాత్రం వేసుకెళ్లండి, గుండ్రటి మెడవి చాలా గోల్ఫ్ కోర్సుల్లో ఒప్పుకోరు.