నాయిన ఫోన్ లొకేషన్ కృష్ణ అవతల ఎందుకు చూపించింది?

చందంపేట బిడ్డ:
నాయిన గొర్ల మందతో సాగర్ వెనక జలాల దిక్కు పోతాడు. చేతిలో మామూలు కీప్యాడ్ ఫోన్. పోయిన వారం చీకటి పడ్డా రాలేదు. రింగవుతుంది, ఎత్తడు. టవర్ లొకేషన్ తీయిస్తే కృష్ణ అవతల ఆంధ్ర ఒడ్డున ఉందన్నారు. రాత్రంతా ఆ ఒడ్డున తెలిసినోళ్లకు ఫోన్లు చేస్తూ ఒకటే టెన్షన్. తెల్లారి చూస్తే మా గుట్ట వెనకనే ఉన్నాడు, కాలు బెణికి లేవలేక. ఇంత తేడా ఎలా వస్తుంది? మళ్లీ ఇట్లయితే ఏం అడగాలి?

మర్రిగూడ అన్న:
స్మార్ట్‌ఫోన్ కొనిచ్చి లొకేషన్ షేరింగ్ పెట్టు తమ్ముడూ.

టవర్ పని, మిర్యాలగూడ:
కొనిచ్చినా అక్కడ నెట్ అందాలి కదా అన్నా. తమ్ముడూ, నీకు చెప్పింది ఫోన్ పట్టుకున్న టవర్ ఉన్న చోటు. ఫోన్ దగ్గరి టవర్‌నే పట్టుకోవాలని లేదు, సిగ్నల్ గట్టిగా వచ్చేదాన్ని పట్టుకుంటుంది. మీ వైపు టవర్‌కు గుట్ట అడ్డం. నీళ్ల మీద అడ్డమేముంది? చెరువు గట్టు మీద కేకేస్తే అవతలి గట్టుకు వినబడ్డట్టు, ఆ ఒడ్డు సిగ్నల్ నేరుగా వచ్చి ఉంటుంది.

అసలు అడగాల్సింది టైమింగ్ అడ్వాన్స్. సిగ్నల్ పోయి రావడానికి పట్టే సమయాన్ని బట్టి ఫోన్ ఎంత దూరంలో ఉందో టవర్ లెక్కేస్తుంది. 2జీలో అది 0 నుంచి 63 వరకు, ఒక్కో మెట్టు సుమారు 550 మీటర్లు. 4జీలో మెట్టు 78 మీటర్లే. 2జీలో 12 వచ్చిందనుకో, టవర్‌కు ఆరున్నర కిలోమీటర్ల దూరం. టవర్ మీద మామూలుగా మూడు దిక్కులకు యాంటెన్నాలుంటాయి, ఏ దిక్కుదో కూడా తెలుస్తుంది. ఆ దిక్కున అంత దూరంలో మ్యాప్ మీద గీత గీస్తే అది నీళ్లు దాటి మీ ఒడ్డున పడేదేమో! మూడు టవర్లు అందితే చోటు ఇంకా దగ్గరగా తేలుతుంది కానీ, ఆ లోయల్లో ఒక్కటి అందడమే గొప్ప.

చందంపేట బిడ్డ:
రింగైంది కదన్నా, అప్పుడైనా తెలియదా?

టవర్ పని, మిర్యాలగూడ:
తెలుస్తుంది. ఊరికే జేబులో ఉన్న ఫోన్ టవర్ మారిన ప్రతిసారీ చెప్పదు. కాల్ వస్తే ఆ ప్రాంతంలోని టవర్లన్నీ దాన్ని పిలుస్తాయి, మనిషి ఎత్తకున్నా ఫోన్ దానంతటదే జవాబిస్తుంది, అప్పుడు ఏ టవర్ కిందుందో తేలుతుంది. అందుకే లొకేషన్ ఎన్ని గంటలదో తప్పకుండా అడుగు. పొద్దుటి కాల్‌దైతే రాత్రికి పనికిరాదు. అట్లని ఊకె చేయొద్దు, బ్యాటరీ అయిపోతే అంతే.

మన్ననూరు అక్క:
స్మార్ట్‌ఫోన్ ఉన్నోళ్లకు ఒక మాట. సలేశ్వరం జాతరకు నల్లమలలోకి దిగితే మాకు సిగ్నలే ఉండదు. జీపీఎస్‌కు టవర్ అక్కర్లేదు, ఉపగ్రహాల నుంచి వినడమే. చెట్ల కింద కాకుండా ఆకాశం కనబడే చోట కొన్ని నిమిషాలు ఆగితే మ్యాప్‌లో మనమున్న చోటు అంకెలు (అక్షాంశం, రేఖాంశం) వస్తాయి. అవి రాసుకుని, సిగ్నల్ తగలగానే 112కు చెప్పండి. మన సిమ్ టవర్ లేకున్నా వేరే కంపెనీ టవర్ అందితే 112 కాల్ దాని మీద పోతుంది.